క్యాసెట్టుకు కట్టిన ముడుపు

ఇంట్లో పసిపిల్ల దగ్గిందంటే ఇప్పటికీ నా చేతిలో పని చేతిలోనే ఆగిపోతుంది. కందులు చెరుగుతా ఉంటే చేట కింద పెట్టి చెవి అటు వేస్తా. రెండో దగ్గు, మూడో దగ్గు వస్తే జలుబులే అని ధైర్యం. ఒక్క దగ్గుతో ఆగిపోయిందంటే మాత్రం లేచి పోతా. మోకాళ్ళు లేవనియ్యవు, అయినా పోతా. ఇదంతా ఒక ఆటల క్యాసెట్టుతో మొదలైన భయం.

మాది కొమరోలు. నా మనవడు శ్రీకాంత్‌కు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు రిపేరు చేసే దుకాణం ఉంది. ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు సందుకొకరు ఉండారు గానీ, మావానికి ఇంకో పిచ్చి ఉంది. వాని చిన్నప్పుడు టీవీకి తగిలించుకొని ఆడే గేములు ఉండేవి కదా, దాంట్లో గుచ్చే క్యాసెట్లు, అరచెయ్యంత ప్లాస్టిక్ డబ్బాలు, అవి చెడిపోతే బాగుచేస్తాడు. ఎవురికి కావాలి ఆ పాత సామాను అని నేననుకున్నా. కావలసినవాళ్ళు ఉండారు. వీడు బాగుచేసేది వీడియో తీసి పెడితే అది చూసి బెంగుళూరు నుంచి, ఒంగోలు నుంచి పార్సిలు పంపుతారు. పెండ్లాం పిల్లలు, ఉద్యోగాలు ఉన్నవాళ్ళే అంట, చిన్నప్పటి ఆట మళ్ళీ ఆడాలని.

అట్ల వచ్చినదే ఆ బూడిదరంగు క్యాసెట్టు. మూడు రోజులు మావాని ప్రాణం తీసింది.

మొదటి రోజు టీవీలో బొమ్మే సరిగ్గా రాలేదు. వాన పడిన ముగ్గు మాదిరి చెదిరిపోయి, గీతలు గీతలుగా వణుకుతా ఉంది. వాడు మరలు విప్పినాడు. లోపల ఒక పచ్చ రేకు, దాని అంచున వరసగా రాగి పళ్ళు. పళ్ళకు చిలుము పట్టింది అని పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో రుద్దినాడు, తర్వాత దూదిపుల్లను స్పిరిటులో ముంచి తుడిచినాడు. వీని చిన్నప్పుడు క్యాసెట్టు పలక్కపోతే పిల్లలు దాని నోట్లో ఉఫ్ ఉఫ్ అని ఊదేవాళ్ళు. నాకది గుర్తుండి, వాడు అటు తిరిగినప్పుడు నేనూ ఊదబోయినా. అవ్వా నీ ఉమ్ము పడితే మళ్ళీ చిలుము పడుతుంది, ఈ పళ్ళు కూడా నీ పళ్ళ మాదిరే అయితాయి అన్నాడు. నాకుండేవి నాలుగు. నోరు మూసుకున్నా.

రెండో రోజు భూతద్దం కంటికి తగిలించుకొని కూర్చున్నాడు. నల్లపురుగు మాదిరి ఉండే చిప్పుకు బోలెడు కాళ్ళు. అందులో ఒక కాలు రేకును పట్టకుండా వెంట్రుకవాసి లేచి ఉందంట. వేడి చేసిన పుల్లతో ఆ కాలికి సీసం చుక్క పెట్టినాడు. బొమ్మ వచ్చింది. వాడు చప్పట్లు కొట్టినాడు, నా మునిమనవరాలు లాస్య కూడా కొట్టింది. దానికప్పుడు పదహారు నెలలు. నాయన ఏం చేస్తే అది చేసేది.

అయినా పని కాలేదు. ఆట ఆడి, ఎక్కడిదాకా వచ్చినారో అది గుర్తు పెట్టుకోవాలి కదా. ఆపి మళ్ళీ పెడితే క్యాసెట్టు అంతా మరిచిపోతా ఉంది. దాని లోపల గుండ్రంగా బిళ్ళ మాదిరి చిన్న బ్యాటరీ సెల్లు ఉంటుంది, అది ఉన్నన్నాళ్ళే దానికి జ్ఞాపకం, పాతికేళ్ళ సెల్లు చచ్చిపోయింది అని శ్రీకాంత్ చెప్పినాడు. పాత సెల్లు ఊడబెరికినాడు. కొత్తది పెట్టేదానికి రేకు మీద గూడు లాంటిది అతికించబోతే అది కుదరదు, వేడి ఎక్కువైతే రేకు పాడవుతుంది, తక్కువైతే సీసం అంటుకోదు. శనివారం రాత్రి అన్నం తినలేదు. పలకరిస్తే కరుస్తా ఉన్నాడు. వాని పెండ్లాం హరిచందన, ఆ పార్సిలు పంపినాయన దగ్గరికి నన్ను కూడా పార్సిలు చెయ్యండి, కనీసం అప్పుడన్నా నా మొహం చూస్తారు అనింది.

ఇట్లాంటప్పుడు నేను చేసేది ఒకటే. ముడుపు కట్టడం.

నేను ముడుపు కట్టని కష్టం లేదు. బోరు వేస్తే నీళ్ళు పడాలని కట్టినా. మూడు బోర్లు ఎండిపోయినాక నాలుగోదానికి పడినాయి. మా ఎర్రబర్రె చూడి నిలవాలని కట్టినా. శ్రీకాంత్ పదో తరగతి లెక్కల్లో గట్టెక్కాలని కట్టినా, ముప్ఫై ఆరు వచ్చినాయి. కొత్త గుడ్డపేలిక పసుపునీళ్ళలో ముంచి, అందులో రూపాయి బిళ్ళ పెట్టి, మార్కాపురం చెన్నకేశవస్వామిని తలుచుకొని మూడు ముళ్ళు వేసి దేవుని గూట్లో పెడతా. పని అయినాక స్వామి దగ్గరికి పోయి చెల్లిస్తా. మొక్కు తీరకముందు ఆ ముడి విప్పకూడదు. విప్పితే విప్పినవాళ్ళ కళ్ళు పోతాయని మా అత్త నాకు చెప్పింది. నేను నా కోడలు సుజాతకు, అంటే శ్రీకాంత్ అమ్మకు, ముప్ఫై అయిదేండ్లుగా చెప్తానే ఉన్నా.

ఆదివారం పొద్దున శ్రీకాంత్ దుకాణం తెరవలేదు. వసారాలో పాత దుప్పటి పరిచి, దాని మీద సామాను పెట్టుకొని కూర్చున్నాడు. పక్కన స్టీలు పళ్ళెం. అందులో మరలు, సీసం తీగ, అప్పుడే కవరు చించి బయటికి తీసిన కొత్త సెల్లు. ఇంతలో ఫోను వచ్చింది. తిరుగుతా మాట్లాడటం వాని అలవాటు. అవ్వా పాపను చూసుకో అని వీధిలోకి పోయినాడు. హరిచందన పెరట్లో గుడ్డలు ఉతుకుతా ఉంది, సుజాత పొయ్యి దగ్గర ఉంది. లాస్య నా పక్కన మూతమూకుళ్ళతో ఆడుకుంటా ఉంది.

నేను పసుపు కలిపిన గిన్నె, పేలిక, రూపాయి తెచ్చుకొని ఆ దుప్పటి అంచునే కూర్చున్నా. ఆ పని దగ్గరే కడితే ముడుపు బాగా పారుతుందని నాకొక నమ్మకం. బోరుకు కూడా అట్లే బోరుబండి పక్కనే కట్టినా. చేతులు పసుపు పసుపుగా ఉండి, రూపాయి జారిపోతుందని వాని పళ్ళెం అంచులో పెట్టినా. పేలిక పిండినా. బిళ్ళ తీసి అందులో పెట్టి మూడు ముళ్ళు వేసినా. లేచి లోపలికి పోయి గూట్లో పెట్టి, రెండు చేతులూ ఎత్తి, స్వామీ వాడు ఇంత అన్నం తినేటట్టు చెయ్యి అని దండం పెట్టుకున్నా. ఎంతసేపు, గుక్కెడు నీళ్ళు తాగినంతసేపు.

అప్పుడు వినపడింది. ఒక్క దగ్గు.

వచ్చి చూస్తే లాస్య పళ్ళెం దగ్గర కూర్చొని ఉంది. కళ్ళల్లో నీళ్ళు. మెడ ముందుకు సాచి, బాతు మాదిరి, నోరు తెరిచి మూసి తెరిచి మూసి చేస్తా ఉంది. చొంగ కారుతా ఉంది. నేను వీపు మీద తట్టినా. ఒకసారి గట్టిగా ఏడ్చింది. ఏడ్చింది కాబట్టి ఊపిరి ఆడుతా ఉంది, ఏమీ లేదులే అనుకున్నా. 

శ్రీకాంత్ వచ్చినాడు. పిల్లను చూసినాడు. పళ్ళెం చూసినాడు. వాని మొహం వాడు పుట్టినప్పటి నుంచీ చూస్తా ఉన్నా, అట్ల తెల్లబడిపోవడం ఎప్పుడూ చూడలేదు.

"అవ్వా, ఇక్కడ పెట్టిన సెల్లు ఏది?"

దుప్పటి దులిపినాడు. పళ్ళెం బోర్లించినాడు. మరలు గలగలా రాలినాయి, సెల్లు లేదు. పాతది ఏదిరా అని నేనంటే, అది ఊడబెరకంగానే సీసాలో వేసి మూత పెట్టినా, ఇదిగో ఉంది, పోయింది కొత్తదే అన్నాడు. నీ కళ్ళ ముందే ఉందా పాప, మధ్యలో ఎక్కడికన్నా పోయినావా అని అడిగినాడు.

నేను అబద్ధం చెప్పినా.

"లేదు నాయనా. రెప్ప వెయ్యలేదు."

ఎందుకు చెప్పినానంటే ఏం చెప్పను. ఎనభై ఏండ్లకు దగ్గరైతా ఉన్నా, అయిదుగురిని కని పెంచినా, పిల్లను చూసుకో అంటే చూసుకోలేకపోయినా అనే మాట నోట్లోంచి రాలేదు. అంతే.

మింగితే ఏమైతుంది, రూపాయలు మింగిన పిల్లలను ఎంతమందిని చూడలేదు, అరటిపండు పెడితే మర్నాడు కిందికి పోతుంది అని నేను అరటిపండు వలవబోయినా. శ్రీకాంత్ నా చేతిలోంచి లాక్కొని విసిరికొట్టినాడు. వాడు నా మీద చెయ్యి విసరడం అదే మొదలు. ఇది రూపాయి కాదవ్వా, సెల్లు, అందులో కరెంటు ఉంది, గొంతులో తడి తగిలితే కాలుస్తుంది, రెండు గంటలు ఉంటే తూటు పడుతుంది అన్నాడు. హరిచందన తడి చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడి ఆ మాట విన్నది. పిల్లను ఎత్తుకొని చెప్పులు లేకుండా వీధిలోకి పోయింది.

గోడ గడియారం తొమ్మిదింబావు. పదకొండుంబావు అని నేను లెక్క పెట్టుకున్నా. ఆ రోజంతా ఆ లెక్కే నా తలలో తిరిగింది.

ఎదురింటి విక్టర్‌కు కారు ఉంది. చర్చికి పోయేదానికి తెల్ల చొక్కా వేసుకొని బయలుదేరుతా ఉన్నాడు. సంగతి వినంగానే వాళ్ళ అమ్మను దింపేసి మమ్మల్ని ఎక్కించుకున్నాడు. సుజాతను ఇంట్లోనే ఉండి మూలమూలా వెతకమన్నారు. సెల్లు దొరికితే చాలు, దేవుడే దొరికినట్టు. దారిలో శ్రీకాంత్ గిద్దలూరు పిల్లల డాక్టరమ్మకు ఫోను చేసినాడు. ఆమె ఏమీ తినిపించొద్దు, నీళ్ళు తాగించొద్దు, వాంతి చేయించొద్దు అని చెప్పి, పాపకు ఏడాది దాటింది కదా, తేనె ఉంటే పది నిమిషాలకోసారి రెండు చెంచాలు నోట్లో వేస్తా రండి, తేనె అడ్డం ఉంటే కాలేది కొంచెం తగ్గుతుంది అనింది. మళ్ళీ కారు తిప్పి ఇంటికి పోయి, యర్రగొండపాలెం నుంచి మా చెల్లెలు పంపిన అడవితేనె సీసా తెచ్చుకున్నాం. అప్పుడు పోయిన నాలుగు నిమిషాలు కూడా నేను లెక్కలో వేసుకున్నా.

నేను చెంచాతో పోస్తా ఉన్నా. లాస్య మొదటి చెంచా చప్పరించింది. రెండోది మింగేటప్పుడు మొహం ముడుచుకొని మెడ పక్కకు వంచింది. సగం తేనె చొంగతో కలిసి హరిచందన మెడ మీదికి కారింది. ఆ కారేదాంట్లో రక్తం ఉందేమోనని చూసినా. నా ఒక కంటికి ఆపరేషన్ అయింది, ఇంకో కంటికి పొర ఉంది. తేనె ఎర్రగానే ఉంటుంది కదా. ఎరుపు కనపడినప్పుడల్లా పైటకొంగుతో తుడిచి, వెలుతురులో పట్టి చూసి, తేనేలే అని మళ్ళీ ఊపిరి తీసుకునేదాన్ని. గిద్దలూరు చేరేలోపల ఎన్నిసార్లు అట్ల చచ్చి బతికినానో.

ఆసుపత్రిలో ఆదివారం. డాక్టరమ్మ వచ్చి ఉంది, ఎక్స్‌రే తీసే మనిషి లేడు. పెండ్లికి పోయినాడంట. ఫోను చేసినారు, వస్తా ఉన్నా అన్నాడు. ఆ గది తలుపుకు తాళం కప్ప వేలాడుతా ఉంటే దాని వైపే చూస్తా నిలబడినాం. లాస్య ఇంక ఏడవలేదు. తల్లి భుజం మీద తల పెట్టి ఊరకే ఉంది. ఏడ్చేటప్పుడే నయం అనిపించింది నాకు. పిల్ల ఊరకుంటే లోపల ఏం జరుగుతా ఉందో తెలీదు కదా.

పదిన్నర దాటినాక ఆయన వచ్చినాడు, చొక్కా మీద గంధం మరకలతో. పిల్లను బల్ల మీద పండబెడితే గింజుకుంది. నాయన పట్టుకున్నా నిలవలేదు, తల్లి పట్టుకున్నా నిలవలేదు. డాక్టరమ్మ బరువైన కోటు ఒకటి నాకు తొడిగి, అవ్వా నువ్వు పట్టుకో అనింది. నేను దాని చెవి దగ్గర నోరు పెట్టి, మా బర్రె దూడను పిలిచినట్టు బ్బా బ్బా అని పిలిచినా. దానికి ఆ దూడ అంటే ఇష్టం. ఎక్కడుందో అని చూసింది. ఆ చూసినంతసేపు గింజుకోవడం కొంచెం తగ్గింది. ఫొటో తీసినారు.

నల్ల తెర మీద పిల్ల ఎముకలు. కోడిపిల్ల ఎముకల మాదిరి సన్నగా ఉండాయి. మెడ కింద, రెండు భుజాల నడుమ, తెల్లగా గుండ్రంగా పున్నమి చంద్రుని మాదిరి ఉంది.

హరిచందన నేల మీద కూలబడింది.

డాక్టరమ్మ తెరకు దగ్గరగా పోయి చాలాసేపు చూసింది. సెల్లు అయితే ఈ గుండ్రం లోపల ఇంకో గుండ్రం కనపడాలి, గాజులో గాజు పెట్టినట్టు. రూపాయి అయితే ఒకటే ఉంటుంది. నాకు ఒకటే కనపడుతా ఉంది గానీ, పాప కదిలింది, అంచు మసగ్గా ఉంది, రెండోది లేదని ఒట్టు వెయ్యలేను అనింది. పక్కకు తిప్పి ఇంకోటి తీయించింది. అదీ అంతే, మసక. రూపాయి అయితే సాయంత్రం దాకా ఆగి చూడొచ్చు, చాలాసార్లు అదే కిందికి జారిపోతుంది. సెల్లు అయితే ఇప్పుడే నంద్యాల పోవాలి, మత్తు ఇచ్చి గొట్టం వేసి తీస్తారు. మీ ఇంట్లో పోయింది సెల్లే కాబట్టి సెల్లే అనుకొని చెయ్యాలి అనింది. ఆమె ఫోను తీసి నంద్యాలకు కలుపుతా ఉంది. విక్టర్ కారు తిప్పి పెట్టేదానికి బయటికి పరుగెత్తినాడు.

నంద్యాల పోవాలంటే నల్లమల దాటాలి. ఘాటులో లారీ ఒక్కటి అడ్డం పడితే చాలు. గోడ మీద గడియారం పది యాభై. పదకొండుంబావు లోపల యాడ చేరేది? నేను లెక్క పెట్టినా. ఏ లెక్కా కుదరలేదు.

శ్రీకాంత్ గోడకు తల ఆనించి, తనలో తాను గొణుక్కుంటా ఉన్నాడు. రూపాయి ఎక్కడిది, మన ఇంట్లో పాపకు అందేచోట రూపాయి ఎక్కడిది అని. రూపాయి అయితే బాగుండు అనే ఆశతో అంటా ఉన్నాడు పాపం.

ఆ మాట నా చెవిలో పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

నాకు చదువు రాదు గానీ జ్ఞాపకం పోదు. కండ్లు మోసం చేస్తాయి గానీ వేళ్ళు చెయ్యవు. పొద్దున వేసిన ముడి నా వేళ్ళల్లో ఇంకా ఉంది. మొదటి ముడి సరిగ్గా కూర్చోలేదు. రెండుసార్లు బిగించినా. ఇప్పుడొచ్చే చిన్న రూపాయి రేకు మాదిరి పలచగా ఉంటుంది, గుడ్డలో పెడితే ఉందో లేదో తెలీదు. నేను కట్టింది మందంగా ఉంది. అప్పుడే అనుకున్నా, ఏంది ఇంత లావుగా ఉంది, పాతకాలం రూపాయేమో అని.

చెప్పాలంటే నేను అక్కడి నుంచి లేచిపోయినా అని కూడా చెప్పాలి.

"శ్రీకాంతూ, నేను అబద్ధం చెప్పినా. పాపను వదిలి దేవుని గూటి దగ్గరికి పోయినా. నీ క్యాసెట్టుకు ముడుపు కట్టినా. రూపాయిని నీ పళ్ళెంలోనే పెట్టినా, తీసి కట్టింది లావుగా ఉంది."

వాడు నా వైపు తిరిగినాడు. కొడతాడేమో అనుకున్నా. కొట్టినా బాగుండేది. ఫోను తీసి వాళ్ళమ్మకు వీడియో కలిపినాడు.

సుజాత అప్పటికి ఇల్లంతా తిరగేసి ఉంది. జుట్టంతా దుమ్ము, కళ్ళు ఉబ్బిపోయి ఉండాయి. గూట్లో ముడుపు ఉంది, విప్పి చూడమ్మా అని వాడు చెప్పినాడు. ఆమె గూటి దాకా పోయింది. చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది. పిల్ల అట్ల ఉన్నప్పుడు మొక్కు తీరని ముడుపు విప్పితే ఇంకేం కీడు మూడుతుందో, నేను విప్పను అని ఏడ్చింది. తప్పు ఆమెది కాదు. ముప్ఫై అయిదేండ్లు ఆ భయం పోసి పెంచింది నేనే.

ఫోను నేను తీసుకున్నా.

"కళ్ళు పోతాయని చెప్పింది నేనే కదా సుజాతా. పోతే నావి పోనీ, ఎట్లాగూ సగం పోయినవే. విప్పొద్దు. కత్తెర పెట్టి కొయ్యి."

కోసింది. ఫోను అరుగు మీద పెట్టి కోసింది కాబట్టి మాకు ఇంటి పైకప్పు ఒకటే కనపడింది. కత్తెర చప్పుడు వినపడింది. తర్వాత ఏదీ వినపడలేదు. ఆ కాసేపట్లో హరిచందన నా చెయ్యి పట్టుకుంది. నా మీద కోపంతో పట్టుకుందో, పడిపోకుండా పట్టుకుందో తెలీదు, గోళ్ళు దిగినాయి. ఆ మచ్చలు నాలుగు రోజులు ఉన్నాయి.

అప్పుడు పైకప్పుకు అడ్డంగా సుజాత చెయ్యి వచ్చింది. రెండు వేళ్ళ మధ్య పసుపు అంటిన బిళ్ళ. దాని మీద సింహాలు లేవు, ఒకటి అనే అంకె లేదు. ఇంగ్లీషు రాతలు ఉండాయి.

"ఇదేనా నాయనా, ఇదేనా?" అని అడుగుతానే ఉంది. శ్రీకాంత్ తల ఊపుతానే ఉన్నాడు. ఆమెకు వాని తల కనపడదు కదా, ఆమె అడుగుతానే ఉంది. చివరికి డాక్టరమ్మే వంగి, అదేనమ్మా, అదే, దాన్ని పిల్లలకు అందకుండా ఎత్తిపెట్టు అని చెప్పింది. నంద్యాలకు కలిపిన ఫోను పెట్టేసింది.

బయట విక్టర్ ఇంజను ఆపకుండా కూర్చొని ఉన్నాడు. ఎవరన్నా చెప్పాలి కదా, మేం మరిచిపోయినాం. పావుగంట తర్వాత లోపలికి వచ్చి, పోదామా అవ్వా అన్నాడు, ఏడుపు మొహంతో. అప్పుడు నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి.

సాయంత్రం నాలుగింటికి ఇంకో ఫొటో తీస్తే ఆ చంద్రుడు కడుపులోకి దిగినాడు. మూడో రోజు రూపాయి బయటికి వచ్చింది. దాన్ని చూసి మేం సంతోషపడినంతగా ఎవురూ రూపాయిని చూసి సంతోషపడి ఉండరు.

అందరూ నన్ను మెచ్చుకున్నారు. నువ్వు తెలీక ఆ సెల్లును ముడుపు కట్టినావు కాబట్టే పిల్ల చేతికి రూపాయి దొరికింది, లేకపోతే సెల్లే దొరికేది, స్వామే నీ చేత కట్టించినాడు అని వీధివీధంతా అనింది. హరిచందన ఆ మాట అనలేదు. నేనూ అనుకోలేదు. ఎందుకంటే ఆ గుడ్డను దగ్గరగా పట్టుకొని చూసినది మేమిద్దరం.

ఆదివారం రాత్రి ఇంటికి వచ్చినాక సుజాత ఆ కోసిన పేలిక నాకిచ్చింది. పసుపునీళ్ళలో ముంచి పిండిన తడి గుడ్డ. పసుపుపచ్చగా ఉండాలి. బిళ్ళ ఉన్నచోట, ఒక పక్క, రూపాయంత మేర ఎర్రగా ఉంది. మామూలు ఎరుపు కాదు. పెండ్లికూతురి కాళ్ళకు పూసే పారాణి ఎరుపు. దాని నడుమ నల్లగా కమిలి, వేలు పెడితే నూలు పొడిపొడిగా వచ్చింది.

పసుపు ఎప్పుడు ఎర్రబడుతుందో నాకెవురూ చెప్పనక్కర్లేదు. సున్నం తగిలితే ఎర్రబడుతుంది. నా జన్మలో ఎన్ని పెండ్లిళ్ళకు పారాణి కలిపినానో లెక్క లేదు. ఈ గుడ్డకు సున్నం యాడిది అని శ్రీకాంత్‌ను అడిగినా. వాడు గుడ్డ వైపు చూడలేదు. తడి తగిలితే ఆ సెల్లు పక్కన సున్నం లాంటిదే పుడుతుందవ్వా, మన సున్నం కన్నా ఘాటైనది, అదే కాలుస్తుంది అన్నాడు. గొంతులో కూడా తడే కదా అని నేను అన్నా. వాడు లేచి పెరట్లోకి పోయినాడు.

రెండు గంటలు కూడా లేదు ఆ గుడ్డలో. హరిచందన దాన్ని తీసుకొని, లాస్య మెడ పక్కన పెట్టి చూసింది. ఆ మచ్చ ఎంతో, మెడ ఎంతో. మళ్ళీ నాకిచ్చేసింది.

క్యాసెట్టు పది రోజులు అట్లనే పడి ఉంది. శ్రీకాంత్ దాన్ని తాకలేదు. తర్వాత దుకాణంలోనే, తలుపు వేసుకొని, ఇంకో సెల్లు తెచ్చి పెట్టినాడు. ఆట ఆపి మళ్ళీ పెడితే గుర్తుందంట. పార్సిలు చేసి పంపినాడు. ఇప్పుడు వాని సెల్లులన్నీ తాళం డబ్బాలో ఉంటాయి, తాళంచెవి వాని మొలతాడుకు ఉంటుంది. మా ఇంట్లో టీవీ రిమోటుకు, కాటాకు, పిల్ల లైటుచెప్పులకు అన్నిటికీ సెల్లు మూతల మరలు బిగించి ఉన్నాయో లేవో వారానికోసారి చూస్తాడు. క్యాసెట్టు బాగైంది కాబట్టి ముడుపు కోసినా మొక్కు మొక్కే. మార్కాపురం పోయి చెల్లించి వచ్చినాం. ఆ రూపాయినే హుండీలో వేద్దామని నేను పసుపునీళ్ళతో ఏడుసార్లు కడిగితే, సుజాత ముక్కు మూసుకొని, అత్తా ఇంకోటి వెయ్యండి, స్వామి ఏమనుకుంటాడు అనింది. ఇంకోటి వేసినా.

ఆ ఎర్రమచ్చ గుడ్డ నా ట్రంకుపెట్టెలో ఉంది. వీధిలో ఎవురికన్నా పసిపిల్ల ఉంటే పిలిచి చూపిస్తా. చేత్తో ముట్టనిస్తా. మాటలు చెప్తే ముసలిది వాగుతా ఉంది అంటారు, గుడ్డ చూపిస్తే ఇంటికి పోయి రిమోటు వెతుక్కుంటారు.

లాస్యకు ఇప్పుడు మూడేండ్లు. గుండ్రంగా ఉండేది ఏది దొరికినా, గుండీ కానీ, సోడా మూత కానీ, చింతగింజ కానీ, నోట్లో పెట్టకుండా పరుగెత్తుకొని వచ్చి నా చేతిలో పెట్టాలని నేర్పినా. నిన్న కూడా వచ్చింది, అవ్వా చెయ్యి తెరువు అని. అది పెట్టంగానే నేను ముందు గుప్పిలి మూసినా. అదేందో తర్వాత చూసినా.